పార నాణేల అక్క

మొన్న పొద్దున స్టాఫ్ రూములో ఉండగా కడప నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మీ పోయింది ఆంటీ" అంది అక్క కూతురు. గుండెకు వైద్యం చేయించుకోవాలని సెలవుల్లో వెళ్లిన మనిషి ఇక తిరిగి రాదు. ఇంతలో పీరియడ్ గంట కొట్టారు. లేచి వెళ్లి పాఠం చెప్పాను. అక్క ఉంటే అదే చెయ్యమనేది.

అక్క నాకు తోడబుట్టింది కాదు. ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో మా ఎదురు ఫ్లాటు. మా బడిలోనే చరిత్ర టీచరు. 2002లో వచ్చిన మొదటి రోజే మా తలుపు తట్టి, "పాపా, ఈడ గోంగూర దొరుకుతాదా?" అని అడిగింది. ఆ పూటే అక్క అయిపోయింది. ఎప్పుడు చూసినా ఆమె నల్ల బురఖా చేతులకు సుద్దపొడి ఉండేది. దులుపుకోవడం ఎన్నడూ చూడలేదు.

బజారులో దుకాణం నడిపే ఒక చైనా దంపతుల కూతురికి అక్క ఇంగ్లీషు నేర్పింది. వాళ్లు తమ దేశం వెళ్లిపోతూ నీలం గుడ్డ పరిచిన పెట్టె ఒకటి ఇచ్చారు. అందులో అరచేతిలో ఇమిడే లోహపు పారలు. "ఇవి డబ్బులంట పాపా! నకళ్లేనని వాళ్లే చెప్పినారులే" అంది. రెండు వేల ఏళ్లకు ముందు చైనాలో కొన్ని రాజ్యాల వాళ్లు పొలం తవ్వే పార ఆకారంలో కంచు నాణేలు పోసేవారట. ఇక ఆ పుస్తకం, ఈ పుస్తకం తెప్పించుకుని చదవడమే అక్క పని. నేను వెళ్తే ఒకటి నా చేతిలో పెట్టేది. "ముందు పట్టుకో. పేరు తర్వాత అడుగు" అనేది.

అలా పట్టుకునే నేర్చుకున్నాను. అన్నిటికన్నా పాతదానికి పిడి బోలుగా ఉంటుంది, నిజం పారకు కర్ర దూర్చే చోటు ఉన్నట్టే. తరువాతి వాటికి పిడి రేకులా పలచబడిపోయింది. కొన్నిటి భుజాలు వాలుగా, కొన్నిటివి పలకలుగా ఉంటాయి. కింద చీలిన పాదాలు ఒకదానికి మొనదేలి, ఒకదానికి నలుపలకలుగా, ఇంకోదానికి గుండ్రంగా. మూడు చిల్లులున్న నాణెం అంటే అక్కకు మరీ ముద్దు. పిడిలో ఒక చిల్లు, పాదానికొకటి.

2005లో బడిలో ప్రదర్శన పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన మా ముదీర్, అంటే బడి మేనేజరు, ఆహ్వానపత్రంలో 'అసలైన ప్రాచీన చైనా నాణేలు' అని వేయించాడు. అక్క బల్ల మీద మాత్రం 'ఇవన్నీ నకళ్లు' అని ఇంగ్లీషులో, అరబీలో అట్ట ఉంది. ముదీర్ స్టాఫ్ రూముకే వచ్చాడు.

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తది మేడమ్? ఆ అట్ట తీసెయ్యండి, ఖలాస్."

"పిల్లోళ్లకు తెలుసు సార్. నేనే చెప్పినా."

"వచ్చే నెల మీ కాంట్రాక్టు రిన్యువల్ ఉంది. యాద్ ఉంది గదా?"

"ఉంది సార్."

అక్కకు భర్త లేడు. కూతురు ఆ ఏడే ఇంజనీరింగులో చేరింది. ఆ జీతమే ఆధారం. సాయంత్రం ఆగలేక, "ఒక్క రోజుకేగా అక్కా" అన్నాను.

"ఒక్క రోజు అబద్ధం చెప్పి, మర్నాడు ఏ మొగం పెట్టుకొని చరిత్ర చెప్పేది?" అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూనే.

ప్రదర్శన నాడు వచ్చిన ముఖ్య అతిథి ఈ ఊరి పెద్దాయన, ఖర్జూరపు తోటల ఆసామి. అట్ట చదివి, "నకళ్లయితే ఎందుకు పెట్టారు?" అని హిందీలో అడిగాడు. అక్క బోలు పిడి నాణెం తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఆకారం నిజమైనదే. ఇది డబ్బు, దీనికి కర్ర దూర్చే పనే లేదు. అయినా తొర్ర వదిలారు చూడండి. వాళ్ల పెద్దలు పట్టిన పారను వాళ్లు మరిచిపోలేదు" అంది హిందీలోనే.

ఆయన ఆ తొర్రను వేలితో తడుముతూ నిలబడిపోయాడు. తన తండ్రి తోటలో నీళ్లు మళ్లించిన పార ఇంకా తన ఇంట్లోనే ఉందన్నాడు. తరువాత ఒక్కో నాణెం పట్టుకుని, దాని పేరు అడిగాడు. మిగతా బల్లల వాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోయారు. 'ఈమె మా ఎదురింటావిడ' అని ఆ హాలంతా వినబడేలా చెప్పాలనిపించింది నాకు.

కాంట్రాక్టు నిలిచింది. కానీ పెద్ద తరగతుల చరిత్ర తీసేసి అక్కను రెండో తరగతికి పంపారు. నేను మండిపడితే నవ్వింది. "చిన్నోళ్లయితే ఏం, వాళ్లకు చేతులు లేవా?" అంది.

ఆ వారమే తరగతికి బంకమట్టి తెచ్చింది. ఆ నాణేల్లో చాలావాటి మీద ఊళ్ల పేర్లే ఉంటాయని చెప్పి, మట్టితో పారలు చేసి ఎవరి ఊరి పేరు వాళ్లను రాయమంది. మలయాళంలో ఒకరు, ఉర్దూలో ఒకరు పుల్లలతో గీస్తున్నారు. అదే తరగతిలో ఉన్న మా అమ్మాయి పుల్ల పట్టుకుని దిక్కులు చూస్తోంది. అది పుట్టింది అల్ ఐన్‌లో, మాది నెల్లూరు.

"టీచర్, నాది ఏ ఊరు?"

అక్క ఆ మట్టి పారను తీసుకుని ఇటు చూపించి, అటు తిప్పి చూపించింది. "రెండు పక్కలుండాయి కదమ్మా."

నేను వరండాలోంచి చూస్తున్నాను. మిగతా పిల్లలు తమ పారలను కిటికీ గట్టు మీద ఎండబెట్టి ఆటకు పరిగెత్తారు. ఒక పక్క నెల్లూరు, ఇంకో పక్క అల్ ఐన్ రాసుకున్న మా అమ్మాయి మాత్రం ఏ పక్క ఎండకు పెట్టాలో తేలక, ఆ తడి పారను రెండు చేతుల్లో తిప్పుతూ, మళ్లీ తిప్పుతూ, అక్కడే నిలబడి ఉంది.