అరల అక్క అత్తగారి పరీక్ష

ఆఫీసులో ఆమెను అందరూ అరల అక్క అనేవారు. ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఏది ఏ అరలో ఉండాలో, ఆ అరకు ఏ పేరుండాలో తేల్చడం ఆమె పని. జనం వెబ్‌సైటులో ఆ పేర్లు చదువుకునే కావలసింది దించుకుంటారు. ఆమెది ఒకటే నియమం: సంగతి తెలియని మనిషి, సాయం లేకుండా వెతికి పట్టుకుంటేనే పేరు ఖాయం. ఆ మనిషి ఎప్పుడూ ఆమె అత్తగారే.

ఒక్క అర దగ్గరే నియమం తప్పింది. సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి మార్చే ప్యాకేజీల అర అది. వాటిలో ప్రతి మాటా రెండేళ్ళు కూర్చుని తనే తెలుగు చేసింది. ఆ మురిపెంలో ఎవరినీ అడగకుండా, పట్టుచీర కట్టినట్టు "స్థానికీకరణ" అని పేరు పెట్టేసింది. ఏడాదిలో పదకొండుసార్లు దించుకున్నారు. అందులో నాలుగుసార్లు తనే.

"అక్కా, సాయంత్రం ఆ అర తీసేస్తున్నా," అన్నాడు మేనేజరు.

"పేరు మారుస్తా, బాబూ. ఈ ఒక్కపూట ఆగు."

"మీ అత్తగారు పట్టుకుంటే ఉంచుతా."

ఇంట్లో మధ్యాహ్నపు ఎండ కంప్యూటరు తెర మీద పిల్లిలా పడుకుని ఉంది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఉత్తరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ తెలుగులో కావాలి. వెతకండి, అత్తయ్యా."

"స్థానికీకరణా? చూస్తేనే చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తోందే."

కోడలు పేరు మార్చింది. "అనువాద వనరులు."

"అనువాదం నాకెందుకు? నేనేమైనా పుస్తకం రాశానా?"

కోడలి వేలు మెల్లగా ఆ వరుస వైపు జరిగింది. అత్తగారు ఆ వేలి మీద ఒక్కటిచ్చారు.

"దొంగాటలొద్దు! అసలు నాకేం కావాలి? ఇది నాతో నా భాషలో మాట్లాడాలి. అంతేగా?"

కోడలు "మీ భాషలో వాడుకోవడానికి" అని కొట్టింది. అత్తగారు తిన్నగా వెళ్ళి దాన్నే నొక్కారు.

మేనేజరు ఫోనులో నసిగాడు. "మరీ పలకాబలపంలా ఉంది, అక్కా. కాస్త హుందాగా..."

"ఫోను అత్తయ్యకిస్తా, ఆ మాట ఆవిడతోనే చెప్పు."

"వద్దొద్దు! పేరు బ్రహ్మాండం. అర ఉంటుంది."

ఆమె కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంది. రెండేళ్ళ మాటలు నిలిచాయి. పక్కనుంచి, దించుకున్నది తెరిచి చూస్తున్న అత్తగారి గొంతు లేచింది.

"ఇదేంటే, 'ఫైలు లేదు' అని మొహం మీద కొడుతుంది? 'దొరకలేదండీ' అంటే నీ సొమ్మేం పోయింది?"