నున్నగా రుద్దేసిన నంబరు

మూడోసారి పోలీసు తనిఖీకి బయలుదేరేసరికి వెండెల్ హ్రుస్కాకి ఆ కారంటేనే విసుగు పుట్టింది. నాలుగేళ్లు ఇంటి వెనక షెడ్డులో ఒంటిచేత్తో తయారుచేసిన బండి అది. బాడీ ఎక్కడిదో, ఇంజను ఎక్కడిదో. కింద ఛాసిస్ మాత్రం అతని తండ్రి నెబ్రాస్కా మట్టిరోడ్ల మీద పాల క్యాన్లు మోసిన పాత ట్రక్కుది. తండ్రి పేరున్న ట్రక్కు కాగితం ఇంకా భద్రంగానే ఉంది. తనిఖీ దాటి ఆ కాగితం, ఆ బండిగానే, తన పేరుకు మారితే చాలు. అంతకుమించి అతనేమీ కోరలేదు.

మొదటిసారి హారన్ బాగాలేదని తిప్పి పంపారు. రెండోసారి ఇంజను రసీదు లేదన్నారు. ఈసారి సార్జెంట్ క్రేగర్ టార్చి పట్టుకుని కారు కిందికి దూరి, మూలుగుతూ లేచాడు.

"నంబరేది పెద్దాయనా? ఛాసిస్ మీద గీతైనా లేదేంటి!"

వెండెల్‌కి అప్పుడు గుర్తొచ్చింది. తుప్పు గుంటలు పోవాలని గ్రైండర్ పట్టి, రుద్ది, రంగేసింది తనే. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

"కాగితంలో ఉంది కదా బాబూ!"

"కాగితం ఎవడైనా తెస్తాడు. నంబరు బండి మీదుండాలి. లేదంటే ఇంట్లో చేసిన కొత్త బండని రాసి, కొత్త నంబరు కొట్టిస్తా. ఆ రోజుల్లో బాడీ కింద ఇంకోచోట కూడా నంబరు వేసేవారు. ఓపికుంటే ఎత్తి చూసుకోండి."

ఓపిక లేదు. అయినా తలుపులు, తీగలు, అద్దాలు అన్నీ విప్పాడు. నడుం పట్టేసింది. భార్య లవాన్ సణుగుతూనే బోల్టులు డబ్బాల్లో వేసింది.

"ఇన్నేళ్ల కాపురంలో నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశావా?"

"నువ్వు తుప్పు పట్టలేదు కదే!"

లవాన్ చేసే గసగసాల కొలాచీ రొట్టెల ఆశకి పొరుగువాళ్లు నలుగురొచ్చి బాడీ ఎత్తి పట్టుకున్నారు. వెండెల్ వంగి ఛాసిస్ తడిమాడు. నున్నగా ఉంది. అక్కడ కూడా రుద్దేశాడు, రుద్దినట్టు గుర్తయినా లేదు. కొండ తవ్వితే ఎలుక కూడా దొరకలేదు. షెడ్డు గడప మీద కూలబడి, అందరి ముందూ ఏడ్చేశాడు.

మళ్లీ అన్నీ బిగించి తీసుకెళ్లాక, సార్జెంట్ విని తలపట్టుకున్నాడు.

"బాడీ కింద ఎవడు చూస్తాడని రుద్దారు పెద్దాయనా?"

"మా నాన్న చూసేవాడు బాబూ. పైన మెరిపించి లోపల వదిలేస్తే చెవి మెలేసేవాడు."

సార్జెంట్ ఫారంలో ఇంట్లో చేసిన కొత్త బండి అని రాసేశాడు. తండ్రి పేరున్న కాగితం మడిచి వెండెల్ చేతికే ఇచ్చాడు. కొత్త నంబరున్న రేకు తలుపు చట్రానికి రివిట్లతో బిగించాడు. వెండెల్ దాని అంచు మీద బొటనవేలు ఆనించాడు. గరుకుగా తగిలింది. చెయ్యి దానంతటదే జేబులోని ఉప్పుకాగితం కోసం పోయింది.

"పెద్దాయనా, దాన్ని మాత్రం వదిలెయ్యండి!"