గంపకో చేప

జాలరిపేటలోని మా పిల్లల కేంద్రం మూతపడినప్పుడు, ఆఖరి నివేదికలో "స్థానికుల సహకారం లోపించినందున" అని రాసింది నేనే. అది అబద్ధం. ఆ కాగితం ఇప్పటికీ ఏదో ఒక ఫైల్లో ఉండే ఉంటుంది. నిజం కూడా ఎక్కడో ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

తొంభైల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మేం అక్కడికి వెళ్లేసరికే ఒక ముసలమ్మ తన పాకలో చేపలమ్మే ఆడవాళ్ల పిల్లల్ని చూసుకుంటూ ఉండేది. పడవల దగ్గర గంప నింపుకున్న ప్రతి తల్లీ బిడ్డను దించి, ఒక చేప ఆమె చేటలో వేసి పోయేది. ఆ చేపల్లో కొన్ని అమ్మి ఆమె పిల్లలకు గంజి కాచేది.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా గ్రంథాలయం బల్ల దగ్గరే. సహకార సంఘాల మీద దొరికిన పుస్తకాలన్నీ చదివి నోట్సు రాసుకున్నాను. విదేశీ దాతలకు దరఖాస్తు రాసే పని సంస్థ నాకే అప్పగించింది. నిధులు వచ్చాయి. సేవలు పూర్తిగా ఉచితంగా ఉండాలన్నది షరతు.

"ఇక చేపలు తీసుకోకు పెద్దమ్మా. నీకు నెలనెలా జీతమొస్తుంది" అన్నాను.

"ఎవులిత్తారు?"

"విదేశాలవాళ్లు."

"ఆల్లు మానేత్తేనో?"

నవ్వేశాను. తలా కొంత వేసుకుంటేనే సంఘం నిలుస్తుందని పుస్తకాల్లో చదివి నేను నోట్సు రాసుకున్న సంగతి ఆ చేటలో ఉందని నాకు తట్టనే లేదు.

పాక తీసేసి అక్కడే సిమెంటు గది కట్టాం. బోర్డు పెట్టాం. అంతకుముందు కప్పు కారితే తల్లులే తాటాకులు తెచ్చేవారు. ఇప్పుడు కుళాయి పాడైతే, "మీ కుళాయి సూసుకోండి" అని నాకు కబురు పంపేవారు.

రెండువేల సంవత్సరం దాటాక దాతల ఉత్తరం వచ్చింది. ఇకపై నిధులు ఉండవు, కేంద్రం సొంతంగా నిలబడే మార్గం తెలపండి అని. వారం రోజులు గ్రంథాలయంలో కూర్చుని ఇరవై పేజీలు రాశాను. తర్వాత తల్లులను కూర్చోబెట్టి, గంపకో చేప ఇమ్మని అడిగాను.

"ఒద్దన్నదీ నువ్వే, అడుగుతున్నదీ నువ్వే. ఏటి బావూ, నీ పుస్తకంలో పేజీ తిరిగిపోనాదేటి?" అంది వాళ్లలో నోరున్న మనిషి. అందరూ పకపకా నవ్వారు. "వొచ్చిన డబ్బులన్నీ తినీసి, ఇప్పుడు మా సేపల మీద పడ్డారేటి?"

మేం తినలేదు. కానీ ఆ మాట నమ్మించలేకపోయాను.

ముసలమ్మను బతిమాలాను. "జీతం తీసుకున్నదాన్ని. మల్లీ సేట అట్టుకుని ఏ మొకంతో కూకుంతాను? కూకుందామన్నా పాకేదీ?" అంది.

గదికి తాళం వేసింది నేనే.

ఆ ఏడాదే గోపాలపట్నం బజారులో నోరున్న ఆవిడ కనిపించింది. రెండేళ్ల కూతుర్ని గంప పక్కనే గుంజకు పాత చీరతో కట్టేసి, ఎండలో చేపలు కోస్తోంది. నన్ను చూసి, గంపలోంచి మరో చేప అందుకుంది.

ఆఖరి నివేదికలో దాతలకు, అధికారులకు, పుస్తకాలిచ్చిన గ్రంథపాలకుడికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాను. ముసలమ్మ పేరు జీతాల రిజిస్టరులో ఉంది, ఆ కృతజ్ఞతల పేజీలో లేదు. తాటాకులు తెచ్చినవాళ్ల పేర్లూ లేవు. నేను కృతజ్ఞత చెప్పాల్సింది వాళ్లకే. ఇప్పుడు చెప్పబోతే, తమ పాక తీసేసి కట్టిన ఆ గది తాళంచెవి ఏదని అడుగుతారు.