ఎలినామి భోజనం చేసే చోటు

అరూషాలో సఫారీ ప్రయాణాలు కట్టే ఆఫీసులు వీధికి నాలుగుంటాయి. వాటిలో ఒకదాని మేడమీద కూర్చుని నమ్కుందా ఎంబ్వాంబో ఇరవై ఏళ్ళకు పైగా లోకానికంతటికీ అడవిమృగాలు తిరిగే సెరెంగెటి మైదానాలు చూపించింది. తను మాత్రం చూడలేదు. తీరిక లేక కాదు, రమ్మనేవాళ్ళు లేకా కాదు. బండి ఊరు దాటి మకుయూని మలుపు చేరేలోపే ఆవిడకు కడుపులో తిప్పి వాంతి అయిపోతుంది. లోకాన్ని తిప్పే మనిషికి తిరగడం పడకపోవడం ఆఫీసులో అందరికీ తెలిసిన వేడుకే.

అయినా ప్రయాణం కట్టడంలో ఆవిడది తిరుగులేని చెయ్యి. ఏ నెలలో వైల్డ్‌బీస్ట్ మందలు ఏ మైదానంలో ఈనుతాయో, ఒక్క జల్లు పడితే ఏ దారిలో బండి దిగబడుతుందో ఆవిడకు కంఠతా వచ్చు. నాలుగు రోజుల్లో అయిదు అడవులు చూపించమనే వాళ్ళతో, "అట్లాగే, కాకపోతే మీరు చూసేది రోడ్డు ఒక్కటే" అని మొహం మీదే అనేస్తుంది. సింహాన్ని చూపిస్తానని ఎవరికీ మాటివ్వదు. ప్రతి ప్రయాణంలోనూ ఒక పూట ఖాళీగా వదులుతుంది, ఏదో ఒక మడుగు దగ్గర బండి ఆపుకుని ఊరికే కూర్చోవడానికి. యజమాని అది దండగంటాడు. వెళ్ళొచ్చినవాళ్ళు మాత్రం తిరిగి వచ్చాక ఆ పూట గురించే చెబుతారు.

ఈ విద్యంతా ఆవిడకు నేర్పింది ఎలినామి తెము, ఆఫీసులో అందరికంటే పాత డ్రైవరు. కిలిమంజారో వాలు మీది మచామె ఊరు, చగ్గా తెగ మనిషి. నమ్కుందావాళ్ళది అల్లం పండే పారె కొండలు. పారెలకూ చగ్గాలకూ తాతల నాటి నుంచీ ఎగతాళి చుట్టరికం ఉంది. ఎదురుపడితే దెప్పుకోవాలి. దెప్పుకోలేదంటే ఇద్దరికీ ఎక్కడో చెడిందని చూసేవాళ్ళు అనుకుంటారు.

"ఏమే అల్లప్పిల్లా, ఇవాళ కూడా భోజనం డబ్బాలో గుడ్డు ఒకటేనా?" అనేవాడు ఎలినామి పొద్దున్నే ఆవిడ కట్టిచ్చిన డబ్బాలు బండిలో సర్దుకుంటూ. "మీ ఇళ్ళల్లో ఎండుచేపని దూలానికి వేలాడదీసి, దాన్ని చూస్తూ మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద మింగుతారట గదా. నాకూ చేప బొమ్మ ఒకటి గీసి పెట్టకపోయావా?"

"రెండో గుడ్డు పెడితే నువ్వు తింటావా బావా? పక్క బండివాడికి అమ్ముకుంటావు. చగ్గావాడి చేతిలో పడ్డ కోడి కూడా బేరం నేర్చుకుంటుందట."

మధ్యాహ్నం ఎలినామి సెరెంగెటిలో ఒక తుమ్మచెట్టు కింద బండి ఆపి, డబ్బా విప్పి, రేడియోలో ఆఫీసును పిలిచేవాడు. ముందు అరటిపండు వలిచేవాడు. "ఇది పండేనా? మా మచామెలో ఇలాంటివి ఆవులకి పడేస్తాం" అని మొదలుపెట్టి, ఆ పూట ఏం చూశాడో చెప్పేవాడు. ఏనుగు పిల్ల తొండం తానే తొక్కుకుని పడిందనీ, దుమ్ములోంచి వాన వాసన వస్తోందనీ. నమ్కుందా తన బల్ల దగ్గర అన్నం తింటూ వినేది. ఆవిడ చూసిన సెరెంగెటి అదే.

ఏడాది చివర వచ్చే చిన్న వానల కాలంలో ఒక ఆదివారం ఎలినామి చర్చి నుంచి వచ్చి, వాకిట్లో కూర్చుని కాఫీ అడిగి, అది వచ్చేలోపల పోయాడు.

మచామెలో వాళ్ళ అరటితోటలోనే గొయ్యి తవ్వారు. అలాంటప్పుడు ఎగతాళి చుట్టానికి ఒక పని ఉంటుంది. పోయినవాడి టోపీ పెట్టుకుని, వాడిలా నడిచి, వాడిలా మాట్లాడి, ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. శవపేటిక లేవగానే దారికి అడ్డంగా పడుకుని పోనివ్వనని పంతం పట్టాలి. ఇంటివాళ్ళు ఏ కోడిపిల్లో, అరటి గెలో చేతిలో పెట్టి బతిమాలితే అప్పుడు లేవాలి. ఆ చావులో ఆ చుట్టం నమ్కుందాయే. అందరూ ఆవిడ వైపే చూశారు. టోపీ తెచ్చి పక్కన పెట్టారు కూడా. ఆవిడ దాన్ని చూసి, మొహాన కొంగు కప్పుకుని, లేవలేక అక్కడే ఏడుస్తూ ఉండిపోయింది. పేటిక నేరుగా వెళ్ళిపోయింది.

సాయంత్రం సెలవు తీసుకోబోతే ఎలినామి భార్య ఎన్‌దేషి ఆవిడను గుమ్మం దగ్గర ఆపింది. అరవై దాటిన మనిషి, నడుం కొంచెం వంగింది, మాట మాత్రం వంగలేదు.

"ఏడవడానికి మేమున్నాం గదా పిల్లా. నువ్వూ ఏడిస్తే ఎట్లా? పెట్టె ఎంత సులువుగా వెళ్ళిపోయిందో చూశావా? ఆయన్ని ఒక్కరు కూడా ఆపలేదు."

నమ్కుందాకు ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. క్రిస్మస్‌కి పారె కొండల అల్లం సంచి పట్టుకుని మచామె వెళ్ళింది. ఎన్‌దేషి సంచి అందుకుంది గానీ, కూర్చోమనలేదు. కాఫీ ఇవ్వకుండా పంపడమంటే ఆ కొండ మీద తలుపు వేసినట్టే. తను ఎలినామికి బాకీ పడింది నవ్వులు. వాటిని ఇప్పుడు ఎక్కడ తీర్చాలో ఆవిడకు తోచలేదు.

జనవరిలో ఒకరోజు ఎన్‌దేషి ఆయాసపడుతూ ఆఫీసు మెట్లెక్కి వచ్చి, వచ్చేపోయేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"నాకొక ప్రయాణం కట్టు. అందర్నీ అడిగినట్టే నన్నూ అడుగు. చుట్టరికాలేం వద్దు."

నమ్కుందా కాగితం ముందుకు లాక్కుని అడిగింది. "ఏం చూడాలని ఉంది అక్కా? సింహాలా, ఏనుగులా?"

"సింహాన్ని చూసి నేనేం చేసుకుంటాను? ఆయన మధ్యాహ్నం కూర్చుని తినే చోటు చూడాలి. పెళ్ళయినప్పట్నించీ ఆ దుమ్ముకే పోయాడు. నన్ను ఆవులకీ అరటిచెట్లకీ అప్పజెప్పి. ఇంటికొచ్చినా మనసక్కడే. అక్కడ ఏముందో చూసొస్తాను."

"పిల్లలెవరినైనా తోడు..."

"తోడు నువ్వే. వాంతులవుతాయటగా, ఆయన చెప్పి తెగ నవ్వేవాడు. అవనీ."

ఆ ప్రయాణం కట్టినంత జాగ్రత్తగా నమ్కుందా ఇంకేదీ కట్టలేదు. ఫిబ్రవరిలో పెట్టింది, దక్షిణ మైదానాల్లో పచ్చగడ్డి పొట్టిగా ఉండి మందలు ఈనే రోజులని. పెద్దావిడ నడుముకి ముందు సీట్లో మెత్తలు వేయించింది. కరాటులో రాత్రి మజిలీ పెట్టి దారిని రెండు ముక్కలు చేసింది. డ్రైవరుగా సైటోటిని అడిగింది, గోతిని చూసి వేగం తగ్గించేవాడు అతనొక్కడే. అతనికి ఎలినామి చెట్టు కూడా తెలుసు. బండి దిగడానికి అనుమతి ఉన్న చోటది, బల్లల్లాంటి రాళ్ళుంటాయి. అన్నీ సర్దింది గానీ, అక్కడికి చేరాక తను ఏం చెయ్యాలన్నది మాత్రం సర్దుకోలేకపోయింది.

మకుయూని రాకముందే బండి ఆపాల్సొచ్చింది. రోడ్డు పక్కన వంగిన నమ్కుందా వీపు నిమురుతూ ఎన్‌దేషి తన సంచిలోంచి అల్లం ముక్క తీసింది.

"మీ అల్లమే. నమలు. వాడకుండా దాచాను, పారేద్దామా అనుకుంటూనే."

అలాంటి ముక్కలు నములుతూనే నమ్కుందా గోరోంగోరో అగ్నిపర్వత బిలం అంచు ఎక్కింది, దిగింది, ఎదురుగా మైదానం పరుచుకోవడం చూసింది. కనుచూపు మేరా మందలు, కాళ్ళు నిలవని దూడలు. ఎలినామి రేడియోలో చెప్పినవన్నీ నిజమే. తనకు బాగా తెలిసిన ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టినట్టనిపించి ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు మధ్యాహ్నం ఎలినామి చెట్టు కింద డబ్బాలు విప్పారు. ఎన్‌దేషి చుట్టూ చూసింది. చాలాసేపు చూసింది.

"బాగానే ఉంది," అంది చివరికి, కొంచెం కోపంగానే. "ఒక్కసారైనా తీసుకొచ్చాడు కాదు."

తర్వాత సంచిలోంచి ఎలినామి టోపీ తీసి రాతి మీద పెట్టింది.

నమ్కుందా ఆ టోపీ అందుకుంది. తల మీద పెట్టుకుంటే చెవుల దాకా దిగింది. లేచి, ఎలినామిలా పొట్ట ముందుకు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుంది.

"అమ్మలారా, అయ్యలారా, కుడిపక్క పడుకున్న సింహం. ఎడమపక్క ఇంకా పడుకున్న సింహం. మధ్యలో నేను, నన్నూ పడుకోనివ్వండి." డబ్బాలోంచి అరటిపండు తీసి ముక్కు చిట్లించింది. "ఇది పండేనా? మా ఆవిడ దీన్ని ఆవులకి కూడా పెట్టదు. ఆవులకి పెట్టేవి నాకు పెడుతుంది."

సైటోటి తాగుతున్న టీ చిందించుకున్నాడు. ఎన్‌దేషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలాయి.

"ఈ డబ్బా ఒక పారె ఆడది కట్టింది. గుడ్డు వాసన చూసుకుని మళ్ళీ తనకి వాపసు ఇవ్వాలిట."

ఎన్‌దేషి ఇక ఆపుకోలేదు. కళ్ళు తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చెట్టు మొదలు వైపు చూసింది, అక్కడ ఎవరో కూర్చున్నట్టు.

నమ్కుందా పండు రాతి మీద పెట్టి, రెండడుగులు వేసి, చెట్టుకీ బండికీ మధ్య దుమ్ములో అడ్డంగా పడుకుంది. టోపీ మొహం మీదికి జారింది.

"పోనివ్వను," అంది టోపీ కిందనుంచి. "నన్ను తిట్టేవాళ్ళు ఇంకెవరున్నారు? పోనివ్వను బావని."

ఆ గొంతు ఇప్పుడు ఎలినామిది కాదు. సైటోటి తల తిప్పుకున్నాడు.

ఎన్‌దేషి నడుం పట్టుకుని మెల్లగా లేచి వచ్చింది. వంగి, రాతి మీది అరటిపండు నమ్కుందా చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇదిగో, తీసుకో. లే తల్లీ. చాలాసేపు ఆపావు. ఇంక ఆయన్ని వెళ్ళనీ."

నమ్కుందా లేచి, పండు గుండెకు ఆనించుకుని, దారి వదిలింది.