టాపు కోసిన కారు

మొన్న మా మేనత్తతో ధవళేశ్వరం నుంచి వస్తుంటే, గట్టు పక్కన ఎండలో, అద్దానికి 'అమ్మబడును' అన్న అట్టముక్క తగిలించుకుని ఒక పాత కారు కనబడింది. గుండ్రటి ముక్కు, కప్ప కళ్ళలాంటి దీపాలు, పసుపు తిరిగిన తెలుపు. ఆటో ఆపించి కిటికీలో తల పెట్టేసరికి పాత రెక్సిను, కొబ్బరిపీచు, పెట్రోలు కలిసిన వాసన గుప్పుమంది. నేను చెప్పకుండానే అత్తయ్యకీ తెలిసిపోయింది, అది మా బాబాయి కారు వాసన.

బాబాయికి పాత కార్ల పిచ్చి. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో నాన్నతో కలిసి వ్యవసాయం చేసేవాడన్న మాటే గాని, మనసంతా వాటి మీదే. కొత్త కారు ఎదురొస్తే తల కూడా తిప్పేవాడు కాదు. మూతపడ్డ రైసుమిల్లు షెడ్డులో, కొబ్బరికాయల రాశి వెనక, గడ్డివాము పక్కన, ఎక్కడ కోళ్ళు ఎత్తుగా ఎక్కి కూర్చున్నా అక్కడ ఆగిపోయేవాడు. కోళ్ళ కింద కారుంటుందని ఆయన నమ్మకం, చాలాసార్లు ఉండేది కూడా. బేరంలో ఆయన పద్ధతే వేరు. కొబ్బరి మొక్కలేమైనా ఉన్నాయా అని మొదలుపెట్టి, మజ్జిగ తాగి, వానల సంగతి మాట్లాడి, తీరా చెప్పులేసుకుంటూ, "అవునూ, ఆ షెడ్డులోదేంటండి?" అనేవాడు. మోజు కనబడితే ధర పెరుగుతుందట. పక్కన నేను మొహం బిగించుకుని నిలబడాలి. నవ్వానా, మళ్ళీ వెంట తీసుకెళ్ళడు.

అలా చవగ్గా దొరికిందే ఆ బుల్లి కారు. ఎడ్లబండి వెనక కట్టి ఊళ్ళోకి ఈడ్చుకొస్తుంటే జనం అరుగుల మీద నిలబడి నవ్వారు. వానాకాలమంతా వసారాలో దాన్ని విప్పడం, చలికాలమంతా బిగించడం. సామాను కోసం రాజమండ్రి పాత ఇనుము కొట్లన్నీ తిరిగేవాడు, సీట్లలో ఎలుకలు పీకేసిన చోటల్లా మా తోట కొబ్బరిపీచే దట్టించాడు. వేసవిలో అది మొదటిసారి స్టార్టయిన రోజు నానమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పిల్లలందర్నీ ఎక్కించుకుని కాలవ గట్టు మీద తిప్పాడు. ఒళ్ళో తాటిముంజెలు, మోచేతుల దాకా కారుతున్న నీళ్ళు, కిటికీలోంచి కాలవ మీది చల్లగాలి. అంత సంతోషం నాకు మళ్ళీ దొరకలేదు.

మరుసటి ఏడు అత్తయ్య పెళ్ళి. వధూవరుల్ని టాపు లేని కారులో ఊరేగించాలి, వీధి వీధంతా చూడాలి, లేకపోతే మావైపు అది ఊరేగింపు కిందే లెక్క కాదు. రాజమండ్రిలో మాట్లాడిన కారు దారిలో చెడిపోయిందని పెళ్ళినాటి ఉదయం కబురొచ్చింది. మగపెళ్ళివారి మొహాలు మాడిపోయాయి. తాతయ్య అరుగు మీంచి బాబాయి కారు వంక చూశాడు.

"చెల్లెలి పెళ్ళి కదరా అబ్బాయ్," అన్నాడు, అంతే.

బాబాయి ఇనుము కోసే రంపం తెప్పించి, ఇంకెవర్నీ దాన్ని ముట్టుకోనివ్వకుండా, తనే కోశాడు. పందిట్లో సన్నాయి, పెరట్లో ఆ రంపం చప్పుడు. కోసిన అంచులు కనబడకుండా బంతిపూల దండలు చుట్టారు, ఎంత బాగుందో అన్నారందరూ. ఊరేగింపులో కారు నడిపిందీ బాబాయే. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

టాపు లేని కారు మా వానలకి ఎన్నాళ్ళు నిలుస్తుంది? కోసిన ముక్కని తిరిగి అతికించాలని చూశాడు, కూర్చోలేదు. టార్పాలిన్ కప్పాడు, ఆగలేదు. తలుపులు పట్టేశాయి, అడుగంతా తుప్పు తినేసింది, ఆఖరికి తూకానికి పోయింది. ఆ తర్వాత బాబాయి కోళ్ళని చూసి ఆగడం మానేశాడు. కారు పోయినదాని కన్నా నాకు అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు బాబాయి లేడు. ఆ మిల్లుల షెడ్లు కల్యాణమండపాలయ్యాయి. పాత కార్లు ఫోన్లో ఫొటోలుగా దొరుకుతున్నాయి, మజ్జిగ తాగే పని లేదు. మొన్న ఆ కారు పక్కన నిలబడి అత్తయ్య టాపు మీద అరచెయ్యి పెట్టింది. రేకు కాలుతున్నా తియ్యలేదు.

"టాపుంటే నాకేం తక్కువయ్యేదే? మా చిన్నన్నయ్య కారు, అలాగే ఎక్కేదాన్ని," అంది. ఆటో ఎక్కుతూ, "ఆ రోజు నన్నెవరూ అడగలేదు," అంది.