తేదీ మారిందని చెప్పడానికి

ఒంటిపూట బడి చివరి పీరియడ్‌లో కిటికీ అవతల గొర్రెల మెడగంటలు వినిపిస్తే నా చేతిలో సుద్దముక్క ఆగిపోతుంది. ఎండిన దుమ్మూ ఉన్నివాసనా కలిసి గదిలోకి వస్తాయి. పులివెందుల దగ్గరి ఈ బడికి టీచరుగా వచ్చి మూడేళ్లయినా, ఆ వాసన తగిలితే మనసు ఒకచోట నిలవదు. ఈరోజు మరీను. వార్షిక పరీక్షలు ఎనిమిది రోజులు వాయిదా పడ్డాయని పొద్దున్నే ఫోన్‌లో ఉత్తర్వు వచ్చింది. మూడో బెంచీలో కూర్చునే అనూష వాళ్లు, నేను చెప్పిన పాత తేదీని నమ్ముకుని, మందను మేతకు తోలుకుపోకుండా ఇంకా ఊళ్లోనే ఉన్నారు.

"మిస్, మా నాయన ఇంగ నాలుగు దినాలే నిలుస్తానన్యాడు," అంది ఆ పిల్ల, గంట కొట్టాక. తల ఊపాను. షంషాద్ టీచర్ గుర్తొచ్చారు.

ముద్దనూరు పక్కన నేను చదువుకున్న హైస్కూలుకు ఆమె రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చేవారు. మాది గొర్రెల ఇల్లు. ఎండలు ముదిరి మేత అయిపోగానే మంద లేచి, జమ్మలమడుగు దాటి, కాలువ కింద వరి కోసిన మళ్లకు పోయేది. ఇంటి దగ్గర నన్ను చూసుకునేవాళ్లు లేరు కాబట్టి నేనూ వెంట పోవాలి. బడి క్యాలెండరులో పరీక్షలేమో సరిగ్గా ఆ రోజుల్లోనే ఉండేవి. నా తొమ్మిదో తరగతిలో నాన్న తేల్చి చెప్పేశాడు, ఈసారి పరీక్ష రాయలేకపోతే ఇక బడి మానెయ్యాలని. నేను ఎవరికీ చెప్పలేదు. నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను. నోట్సు దిద్దుతూ టీచర్ ఆ పేజీ చూశారు. ఆ సాయంత్రమే మా గొర్రెల దొడ్డి దగ్గరికి వచ్చారు.

"ఓబులేసప్పా, మంద ఎప్పుడు లేస్తాది?" అని నాన్నను అడిగారు.

"మేత అయిపోతే లేస్తాది టీచరమ్మా. గొర్రెలకు మీ క్యాలెండరు సదవనీకి రాదు గదా," నవ్వాడు నాన్న.

"నీ బిడ్డకు వస్తాదిలే. ఒక్క వారం నిలుపు. పరీక్షలు అయిపోతాయి. నాదీ మాట."

"ఈ పిల్ల సదువుకు మంద ఎండాల్నా?" అని అమ్మ సణిగింది. నాన్న మాత్రం నిలిచాడు.

ఆ వారంలోనే, ఎన్నికల పనికి టీచర్లు కావాలని పరీక్షలు పది రోజులు వాయిదా వేశారు. మేత లేక తల్లులకు పాలు తగ్గి మూడు గొర్రెపిల్లలు అప్పటికే చచ్చిపోయాయి. కబురు ఎవరి చేతనైనా పంపొచ్చు. టీచర్ మిట్టమధ్యాహ్నం చెప్పులు కాలుతుంటే నడిచి వచ్చారు. నాన్న ముఖం తిప్పుకుని, "నీ మాట మింద నిలిస్తి గదమ్మా," అన్నాడు. నేను గుంజ వెనక దాక్కున్నాను. ఆమె తేదీ మార్చిన ఆఫీసువాళ్లను తిడతారనుకున్నాను.

"తేదీ వాళ్లు మార్చినారప్పా. నీకు చెప్పింది మాత్రం నేను. తప్పు నాదే. రేపు తెల్లారగానే పోండి," అన్నారు. తర్వాత నన్ను పిలిచి, "యాడుంటే ఆడ దినానికో పేజీ రాయి. బడి తెరవకముందే నీ పరీక్ష పెట్టిస్తా," అన్నారు.

మళ్లగట్ల మీద కూర్చుని రోజుకో పేజీ రాశాను. ఆ అలవాటు ఈనాటికీ పోలేదు. మేం తిరిగొచ్చేసరికి ఆమె హెడ్‌మాస్టరును ఒప్పించారు. తన సెలవుల్లో ప్రొద్దుటూరు నుంచి అయిదు రోజులు వచ్చి, పిల్లలు లేని బడిలో నా ఒక్కదానికే పరీక్ష పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఫ్యాన్ తిరగలేదు. ఆమె కొంగుతో విసురుకుంటూనే ఉన్నారు.

"పరీక్ష లేదన్నప్పుడే నీ బడి మానిపియ్యాలనుకుంటి," అన్నాడు నాన్న తర్వాతెప్పుడో. "ఆ యమ్మ ఎండన పడొచ్చి నాతాన తప్పు ఒప్పుకునె. అట్లాటామె దగ్గర సదువుకోనీలే అనుకుంటి."

టీచర్ ఇప్పుడు లేరు. నేను తేదీలన్నీ పెన్సిల్‌తోనే రాస్తాను. అయినా అనూష వాళ్ల నాన్నకు మాత్రం, మారొచ్చన్న మాట చెప్పకుండా, గట్టిగా చెప్పేశాను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే జంకే నేను, త్వరగా ముగించాలని చెప్పేసిన మాట అది.

"ఫోన్ చేస్తే సరిపోదా? ఈ ఎండలో ఏం పోతావ్ తల్లీ?" అన్నారు స్టాఫ్‌రూమ్‌లో తోటి టీచరు. నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ రెండుసార్లు తీశాను, రెండుసార్లూ లోపల పెట్టాను. గొడుగు తీసుకుని బయల్దేరాను.

దొడ్డి కనిపించేదాకా ఏం చెప్పాలో మనసులో వల్లె వేస్తూనే ఉన్నాను. అనూష వాళ్ల నాన్న నన్ను చూసి కర్ర పక్కన పెట్టి లేచాడు. వల్లె వేసిందంతా పోయింది.

"అప్పా," అన్నాను, "నేను మీకు తప్పు తేదీ చెప్పినాను."