పెట్టె బయట ఒక చుక్క

2005లో నేను వనపర్తిలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవాణ్ణి. వలస కుటుంబాల్లో పసిపిల్లల మరణాల మీద సర్వే పూర్తయింది. ఆ సమాచారాన్ని బొమ్మలుగా గీసే సాఫ్ట్‌వేర్లు రెండు తెప్పించి, మా పనికి ఏది సరిపోతుందో తేల్చమని నాకు అప్పగించారు.

పరీక్షకు, ఒక్కో ఇంట్లో పోయిన పిల్లల సంఖ్యతో బాక్స్ ప్లాట్ అనే బొమ్మ గీయించాను. నడిమి సగం కుటుంబాలు ఒక పెట్టెలో ఇముడుతాయి; అందరికీ దూరంగా పడినవి బయట చుక్కలవుతాయి. వాటిని ఔట్‌లయర్లు అంటాం. ఒక సాఫ్ట్‌వేర్‌లో పైన ఎక్కడో ఒంటరిగా ఒక చుక్క పడింది. రెండోది దాన్ని తనంతట తానే వదిలేసింది. బొమ్మ చూడముచ్చటగా ఉంది.

"ఎంట్రీలో తప్పు పడి ఉంటుంది, తీసేయండి" అన్నారు డైరెక్టర్. ముందు చూసి వస్తానన్నాను. ఆ ఇంటి సర్వే చేసిన గద్వాల అమ్మాయి రఫియాను వెంటబెట్టుకుని, మల్దకల్ దగ్గరి ఊరికి వెళ్ళాను.

ఆ ఇంటావిడ సవారమ్మ గడప ముందు కందులు చెరుగుతోంది. కడుపుతో ఉంది. రఫియాను గుర్తుపట్టింది.

"అన్నీ రాసుకపోతివి గదమ్మా. మల్ల ఏంది?"

"కంప్యూటర్ల లెక్క తప్పు పడ్డదేమోనని సారు వచ్చిండు అక్కా. పోయిన పిల్లలు ఐదుగురే గదా?"

ఆమె చేట పక్కన పెట్టి నా వైపు చూసింది.

"తప్పయితే ఎంత బాగుండు సారూ."

తనే చెప్పింది. "బొంబాయిల పనికాడ జ్వరాలొచ్చి పోయిండ్రు. పెద్దదానికే పేరు పెట్టుకున్నం. తక్కినోళ్ళు పేరు పెట్టేదాంక ఉండలే."

ఈసారి కాన్పు దవాఖానలో కావాలని రఫియా బతిమాలింది.

"బొంబాయికి కూలోళ్ళను తోల్కపోయే మేస్త్రి బండి వస్తె పోవాలె గదమ్మా. ఈడుంటే ఏం తింటం?"

నాలుగు రోజులాగి రఫియా నర్సును తీసుకుని వెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది.

చుక్కలను దాచని సాఫ్ట్‌వేర్‌నే సిఫారసు చేశాను. డైరెక్టర్ ఒప్పుకున్నారు. నివేదిక అచ్చయింది. వానాకాలంలో రఫియా ఫోన్ చేసింది.

"సవారమ్మ వాపస్ వచ్చింది సార్. బిడ్డ దక్కలే."

పోయినవాళ్ళు ఆరుగురయ్యారు; అచ్చయిన బొమ్మలో ఆమె చుక్క ఐదు దగ్గరే, అప్పటికే ఒక మెట్టు కిందుంది.

ఆ తర్వాత ఎన్నో సాఫ్ట్‌వేర్లు పరీక్షించాను. రంగులూ వేగమూ తర్వాత. దూరంగా పడినవాళ్ళను దాచేస్తుందా అన్నదే మొదట చూస్తాను. చుక్కను తుడిచే ముందు ఆ ఇంటికి వెళ్ళి రమ్మని కొత్తగా చేరినవాళ్ళకు చెబుతాను. వెళ్ళినంత మాత్రాన ఏదీ ఆపలేకపోవచ్చని కూడా చెబుతాను.